బ్యాటరీ బండ్లు – సర్కారు రాయితీలు – మన నేత కుటుంబాలు

కల్మల నుండి మన సభ్యుడొకరు ఈమధ్య సంఘ కార్యాలయానికి వచ్చారు. రాయచూరు నుండి లింగసుగూరు పోయే బాట మీద కల్మల ఉన్న సంగతి మనవారికి తెలిసినదే. ఆయన వారంలో ఆరు రోజులు పాత మోపెడ్ వెనుక నూలు మూట కట్టుకొని రాయచూరు వచ్చి పోతుంటారు. రానుపోను నలభై కిలోమీటర్లలోపు పని. కూర్చొని మంచినీళ్ళు తాగి ఆయన అడిగిన మాట ఇది: "పెట్రోలుకు పెట్టలేకున్నానయ్యా. మావాడు బ్యాటరీ బండి కొందామంటాడు. దుకాణంవారేమో సర్కారు సగం డబ్బు ఇస్తుంది, లైసెన్సు అక్కరలేదు, కరెంటు ఎటూ ఉచితమే గదా అంటున్నారు. అప్పు చేసి కొనవచ్చునా?"

ఈ ప్రశ్న ఆయన ఒక్కరిదే కాదు. గద్వాల వైపు సభ్యులు, నారాయణపేట వైపు సభ్యులు కూడ ఇదే అడుగుతున్నారు. దుకాణంవారు చెప్పిన మూడు మాటలలో ఏది ఎంతవరకు నిజమో విడమరచి చెప్పుదామని ఈ వ్యాసం రాస్తున్నాము. ముందుగానే చెప్పవలెనంటే, మూడింటిలో ఒక్కటి కూడ ఉన్నదున్నట్లు నిజం కాదు.

రిబేటు వంటిదే ఈ రాయితీ

చేనేతవారికి రిబేటు కొత్త సంగతి కాదు. 1953లో కేంద్ర ప్రభుత్వంవారు చట్టం చేసి మిల్లు గుడ్డ మీద గజానికి మూడు పైల చొప్పున, అనగా పావు అణా, అదనపు సుంకం వేసి ఆ సొమ్మును ఖాదీకి, చేనేతకు మళ్ళించారు. సొసైటీ కొట్టులో చీర కొన్నవారికి ధరలో కొంత తగ్గించి, ఆ తగ్గించిన మొత్తాన్ని సొసైటీ తరువాత ప్రభుత్వం నుండి రాబట్టుకొనేది. ఆ సొమ్ము సకాలంలో రాక సొసైటీలు పడిన అవస్థ మన పెద్దలకు తెలుసు.

బ్యాటరీ బండ్ల రాయితీ అచ్చంగా ఈ తీరుగానే నడిచింది. కొనేవాని చేతికి సర్కారు డబ్బు ఇవ్వదు. కంపెనీవారు బిల్లులోనే ఆ మేరకు ధర తగ్గించి, తరువాత ఢిల్లీలోని భారీ పరిశ్రమల శాఖ నుండి రాబట్టుకొంటారు. కనుక "ముందు పూర్తి ధర కట్టండి, రాయితీ మీ ఖాతాలో పడుతుంది" అని ఎవరైనా చెప్పినట్లయితే ఆ దుకాణం మెట్లు దిగి రావడం మేలు.

ఈ రాయితీ ఎట్లా పెరిగి ఎట్లా తరిగినదో తెలుసుకొంటే "సగం డబ్బు" అన్న మాట ఎక్కడ పుట్టినదో తెలుస్తుంది. 2013లో కేంద్రంవారు విద్యుత్ వాహనాలకు జాతీయ ప్రణాళిక ఒకటి ప్రకటించారు. దాని కింద 2015 ఏప్రిల్ 1 నుండి "ఫేమ్" అనే పథకం మొదలయినది. 2019 ఏప్రిల్ 1 నుండి రెండవ ఫేమ్ వచ్చినది. దానికి 10,000 కోట్ల రూపాయలు కేటాయించి, తరువాత 11,500 కోట్లకు పెంచారు. రాయితీని బ్యాటరీ పరిమాణాన్ని బట్టి లెక్క కట్టారు. బ్యాటరీని కిలోవాట్ అవర్లలో కొలుస్తారు. పేరు చూచి భయపడనక్కరలేదు. మన ఇంటి మీటరులో తిరిగే యూనిట్టే అది. మూడు యూనిట్ల కరెంటు పట్టే బ్యాటరీని మూడు కిలోవాట్ అవర్ల బ్యాటరీ అంటారు.

ఆ మూడు యూనిట్ల బండినే తీసుకొని చూదాము. 2021 జూన్ నుండి 2023 మే వరకు స్కూటర్లకు యూనిట్టుకు 15,000 రూపాయల చొప్పున, బండి ధరలో నూటికి 40 మించకుండ ఇచ్చారు. అనగా మన బండికి 45,000 రూపాయలు. దుకాణంవారు చెప్పే సగం ఆ కాలపు మాట. 2023 జూన్ 1 నుండి యూనిట్టుకు 10,000కు దించి, ధరలో నూటికి 15 మించరాదన్నారు. కార్ఖానా ధర లక్షా ఇరవై వేలయితే 18,000 మాత్రమే వచ్చినది. 2024 మార్చి 31తో ఫేమ్ ముగిసినది. ఏప్రిల్ నుండి ఆరు నెలలు మధ్యంతర పథకం ఒకటి నడిచినది. దానిలో యూనిట్టుకు 5,000, బండికి 10,000 మించకుండ. 2024 అక్టోబరు 1 నుండి "పి.ఎం. ఇ-డ్రైవ్" అనే పథకం 10,900 కోట్లతో వచ్చినది. అందులో మొదట అదే 10,000. 2025 ఏప్రిల్ నుండి దానిలో సగం, అనగా యూనిట్టుకు 2,500, బండికి 5,000 మించకుండ. 2025 ఆగస్టులో సవరణ చేసి పథకాన్ని 2028 మార్చి వరకు పొడిగించారు గాని, ఆ పొడిగింపు బస్సులు, లారీలు, ఛార్జింగు కేంద్రాల వంటి వాటికే. రెండు చక్రాల, మూడు చక్రాల బండ్ల రాయితీకి 2026 మార్చి 31నే గడువుగా ఉంచారు. నలభై ఐదు వేల నుండి ఐదు వేలకు దిగిన సొమ్ము ఇది. దానిని చూచుకొని అప్పు చేయడం తగదు.

ఇ-డ్రైవ్‌లో మోసానికి తావు లేకుండ చేసిన ఏర్పాటు మెచ్చదగినది. కొనేవాని ఆధార్ సరిచూచి, ఫోనుకు ఒక వోచరు పంపేవారు. దాని మీద కొనేవారు సంతకం చేసి డీలరుకు ఇవ్వవలెను. బండితో ఫోటో కూడ పెట్టవలెను. ఒక ఆధార్‌కు ఒక బండి. మన పేరుతో మరొకరు రాయితీ తినకుండ ఇది కాపాడుతుంది. కనుక ఆధార్ నకలు, ఫోనుకు వచ్చే అంకెలు ఎవరికి పడితే వారికి చెప్పవద్దు. ఇంతకుముందు ఫేమ్‌లో విదేశీ భాగాలు బిగించి స్వదేశీ అని చూపినందుకు కొన్ని కంపెనీల మీద విచారణలు జరిగినవి. మరి కొన్ని కంపెనీలు ఛార్జరు ధరను విడిగా వసూలు చేసినందుకు, 2023లో కొన్నవారికి ఆ సొమ్ము తిరిగి ఇవ్వవలసి వచ్చినది.

రాయితీలు ఇట్లా తరిగిపోవడం మన దేశంలోనే కాదు. అమెరికాలో కొత్త విద్యుత్ కారుకు 7,500 డాలర్ల వరకు ఇచ్చిన పన్ను మినహాయింపు 2025 సెప్టెంబరు 30తో ఆగిపోయినది. నార్వేవారు మాత్రం పట్టిన పట్టు విడువలేదు. 1990లో దిగుమతి పన్ను, 2001లో అమ్మకపు పన్ను తీసివేసి, ఏళ్ళ తరబడి కొనసాగించారు. 2024లో అక్కడ అమ్మిన కొత్త కార్లలో నూటికి 89 వరకు బ్యాటరీ కార్లే. ధనవంతమైన చిన్న దేశం గనుక చేయగలిగినదనే మాట కూడ ఉన్నది.

పన్నులలో మిగిలే సొమ్ము

రాయితీ కంటె పన్నులలోనే ఇప్పుడు మేలు హెచ్చు. బ్యాటరీ బండి మీద జి.ఎస్.టి. 2019 ఆగస్టు 1న నూటికి 12 నుండి 5కు తగ్గినది. పెట్రోలు మోపెడ్లు, మోటారు సైకిళ్ళ మీద అప్పుడు 28 ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుండి 350 సి.సి. వరకు పెట్రోలు బండ్లకు దానిని 18కి దించారు. ఇద్దరి మధ్య తేడా 23 నుండి 13కు తగ్గినదన్నమాట. పెట్రోలు బండి కొనేవారికి ఇది సంతోషమే. బ్యాటరీ బండి అమ్మేవారికి కాదు.

రిజిస్ట్రేషను పుస్తకానికి, దాని పునరుద్ధరణకు కట్టే ఫీజును బ్యాటరీ బండ్లకు కేంద్రంవారు 2021 ఆగస్టులో తీసివేశారు. థర్డ్ పార్టీ బీమా ప్రీమియంలో 2022 జూన్ నుండి బ్యాటరీ బండికి నూటికి 15 తగ్గింపు. పెట్రోలు ఇంజను, విద్యుత్ మోటారు రెండూ కలిసిన హైబ్రిడ్ బండికి అందులో సగం, ఏడున్నర. ఈ హైబ్రిడ్ అనేది మన దగ్గర ఎక్కువగా కార్ల మాట. మొదటి ఫేమ్‌లో కొద్దిపాటి మోటారు బిగించిన డీజిలు కార్లు కూడ రాయితీ తిన్నవి. విమర్శ వచ్చి 2017 ఏప్రిల్ నుండి వాటిని తీసివేశారు. 2024 జూలైలో ఉత్తరప్రదేశ్‌వారు హైబ్రిడ్ కార్లకు రిజిస్ట్రేషను పన్ను మాఫీ చేస్తే, బ్యాటరీ కార్లు చేసేవారు గోల చేశారు. మన పనికి అంత అవసరం లేని తగాదా అది.

రోడ్డు పన్ను రాష్ట్రాల చేతిలోనిది. కర్ణాటకం 2017 సెప్టెంబరులో, అన్ని రాష్ట్రాలకంటె ముందు, విద్యుత్ వాహన విధానం ప్రకటించినది. బ్యాటరీ బండ్లకు పన్ను మినహాయింపు అంతకు ముందటి సంవత్సరం నుండే ఉన్నది. 2024లో 25 లక్షల పైబడిన కార్లకు నూటికి 10 జీవితకాలపు పన్ను వేశారు. బడ్జెటు బడ్జెటుకు ఈ లెక్కలు మారుతుంటాయి గనుక, కొనేనాడు రాయచూరు ఆర్.టి.ఒ. కార్యాలయంలో అడిగి తెలుసుకొనవలెను, దుకాణంలో కాదు. ఆంధ్రప్రదేశ్‌వారు 2018లో ఒక విధానం, 2024 డిసెంబరులో మరొక విధానం తెచ్చారు.

తెలంగాణంలో 2024 నవంబరు 16 నాటి 41వ నంబరు జి.ఒ. ప్రకారం 2026 డిసెంబరు 31 వరకు బ్యాటరీ స్కూటర్లకు, సరుకు మోసే మూడు చక్రాల బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను ఫీజు పూర్తిగా మినహాయించారు. బండ్ల సంఖ్యకు ముందున్న పరిమితి కూడ తీసివేశారు. గద్వాల, నారాయణపేట సభ్యులు ఈ సదుపాయాన్ని వినియోగించుకొనవచ్చును. ఇది విని కల్మల వారు గద్వాలలోని బావమరిది చిరునామా మీద బండి కొందామా అని అడిగారు. అది వద్దు. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరొక రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచుకొంటే అక్కడ కొత్త నంబరు తీసుకొనవలెను. మిగిలిన దానికంటె తిరుగుడు ఖర్చు హెచ్చవుతుంది.

"లైసెన్సు అక్కరలేదు" అనే బండి

ఇక్కడ మనవారు బాగా నష్టపోతున్నారు. చట్టంలో ఒక మినహాయింపు ఉన్నది: మోటారు శక్తి 250 వాట్లు మించక, వేగం గంటకు 25 కిలోమీటర్లు మించని బ్యాటరీ బండిని మోటారు వాహనంగా లెక్కించరు. దానికి నంబరు, లైసెన్సు అక్కరలేదు. ఊళ్ళో అంగడికి పోయి వచ్చే ముసలివారికి, చదువుకొనే ఆడపిల్లలకు అది సరిపోవచ్చును. కాని నూలు మూట, వెనుక మనిషి ఎక్కితే దాని శక్తి చాలదు. అందుచేత కొందరు అమ్మకందారులు లోపల తాళం మార్చి నలభై, యాభై వేగం పోయేట్లు చేసి ఇస్తున్నారు. వేగం మారిన మరుక్షణం అది చట్టం దృష్టిలో మోటారు వాహనమే. నంబరు లేదు, బీమా లేదు. లింగసుగూరు రోడ్డు మీద లారీల మధ్య ఆ బండితో ఎవరినైనా తగిలితే పరిహారం బీమా కంపెనీ కట్టదు. మగ్గం అమ్మి మనమే కట్టవలెను. పైగా ఇటువంటి బండ్లకు కేంద్ర రాయితీ లేదు. రెండవ ఫేమ్‌లో గంటకు కనీసం 40 కిలోమీటర్లు పోయే బండికే ఇచ్చారు.

నంబరు ఉన్న బ్యాటరీ బండిని గుర్తుపట్టడం తేలిక. 2018 నుండి దాని నంబరు పలక పచ్చగా ఉంటుంది. సొంత బండికి పచ్చ మీద తెల్ల అక్షరాలు, బాడుగ బండికి పచ్చ మీద పసుపు అక్షరాలు.

సరుకు మోసుకొనే మూడు చక్రాల బ్యాటరీ బండి విషయం వేరు. పదిమంది నేతవారు కలిసి ఒకటి కొంటే నూలు తెచ్చుకొనడానికి, చీరలు పంపడానికి పనికి వస్తుందని మన కార్యవర్గంలో మాట వచ్చినది. చట్టంలో ఇ-కార్ట్ అనే చిన్న బండికి 310 కిలోల సరుకు, గంటకు 25 కిలోమీటర్ల వేగం హద్దు. దీనిని నడిపేవానికి పది రోజుల శిక్షణ, ప్రత్యేక లైసెన్సు కావలెను. మామూలు కారు లైసెన్సు చాలదు. అంతకంటె పెద్ద మూడు చక్రాల బండ్లకు వేగం, బరువు హెచ్చు, ధర కూడ హెచ్చు. ఈ రకాలన్నిటికీ ఒక పెద్ద సౌకర్యం ఉన్నది. బ్యాటరీతో గాని, ఇథనాలుతో గాని, మిథనాలుతో గాని నడిచే బాడుగ బండ్లకు పర్మిటు అక్కరలేదని కేంద్రంవారు 2018 అక్టోబరు 18న ప్రకటన చేశారు. రాయచూరు నుండి గద్వాలకు రాష్ట్రం దాటి సరుకు తీసుకొనిపోయేవారికి పర్మిటు బాధ తప్పడం చిన్న విషయం కాదు. అప్పు కావలసినవారు ముద్రా పథకం కింద బ్యాంకులో అడుగవచ్చును. దానికి తనఖా అడుగరాదు. నేతపనికి ఇచ్చే నేతముద్రా అప్పు వేరు. దానిని నూలుకు, మగ్గానికి వాడుకొనవలెను గాని బండికి కాదు.

కరెంటు మీటరు సంగతి

ఇంట్లో ఉన్న కనెక్షనుతోనే సొంత బండికి ఛార్జింగు పెట్టుకొనవచ్చునని కేంద్ర విద్యుత్ శాఖవారు 2022 జనవరి నాటి మార్గదర్శకాలలో స్పష్టం చేశారు. వేరే మీటరు అక్కరలేదు. కాని మగ్గాల షెడ్డుకు రాయితీ మీద కరెంటు తీసుకొనేవారు ఆ తీగకు స్కూటరు తగిలించవద్దు. ఇచ్చిన పనికి కాక వేరే పనికి వాడినట్లు తేలితే విద్యుత్ చట్టం 126వ సెక్షను కింద రెట్టింపు ధర కట్టించే అధికారం వారికున్నది.

కల్మల వారి లెక్క వేసి చూచాము. రోజుకు 40 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు. పాత మోపెడ్ లీటరుకు 50 కిలోమీటర్లు ఇస్తుందనుకొంటే నెలకు 20 లీటర్లు; లీటరు నూరు రూపాయలకు పైనే గనుక 2,000 దాటిన ఖర్చు. మూడు యూనిట్ల బ్యాటరీ బండి వాస్తవంగా ఎనభై కిలోమీటర్లు పోతుందనుకొందాము. కంపెనీ కాగితంలో ఇంతకంటె హెచ్చు ఉంటుంది; ఆ అంకె ఖాళీ బండికి, చదును రోడ్డుకు. ఛార్జింగులో పోయే నష్టం కలుపుకొని రోజుకు సుమారు 1.8 యూనిట్లు, నెలకు 45. యూనిట్టు ఆరు రూపాయలు వేసుకొన్నా 270. నెలకు 1,700 పైన మిగులు కనబడుతున్నది.

మంచిదే. కాని బండికి లక్ష పైన. 80,000 అప్పు తీసుకొని మూడేళ్ళలో నూటికి 12 వడ్డీతో తీర్చితే నెలకు 2,650 పైన వాయిదా. మిగులు కంటె వాయిదా వెయ్యి రూపాయలు హెచ్చు. మూడేళ్ళు ఆ లోటు భరించినవానికే తరువాత లాభం. అది కూడ బ్యాటరీ బాగున్నంత కాలం. ఇక రోజుకు పది కిలోమీటర్లే తిరిగేవారికి నెలకు నాలుగు వందలు మిగులుతుంది. వారికి ఈ కొనుగోలు లాభసాటి కాదని మా అభిప్రాయం. ఎంత హెచ్చు తిరిగితే అంత మేలు ఈ బండితో. అయితే మరీ హెచ్చు తిరగడానికీ లేదు. గద్వాల, నారాయణపేటలు రాయచూరు నుండి ఒక్కొక్కటి యాభై కిలోమీటర్లకు పైబడిన దూరం. కల్మలలో బయలుదేరి గద్వాల పోయి అదే రోజు తిరిగి రావలెనంటే మధ్యలో ఎక్కడనో గంటల తరబడి ఛార్జింగుకు ఆగవలెను.

ఇక "కరెంటు ఉచితం" అన్న మాట. కర్ణాటకంలో గృహజ్యోతి పథకం 2023 జూలై వాడకం నుండి అమలులోకి వచ్చినది. నెలకు 200 యూనిట్ల వరకు ఉచితం అని అందరూ అంటారు గాని అది సరి కాదు. ఆ ఇల్లు వెనుకటి సంవత్సరం వాడిన సగటుకు కొంచెం కలిపి ఆ ఇంటికి హక్కు నిర్ణయించారు. 60 యూనిట్లు వాడే ఇంటికి 70 లోపే హక్కు వచ్చి ఉంటుంది. దానికి 45 చేర్చితే, హక్కు దాటిన యూనిట్లకు డబ్బు కట్టవలెను. ఇది పెద్ద బాధ కాదు, రెండు వందల చిల్లర.

బాధ మరొక చోట ఉన్నది. ఉమ్మడి కుటుంబం, రెండు ఫ్రిజ్‌లు, పంపు ఉన్న ఇల్లు 160 యూనిట్లు వాడుతున్నదనుకొందాము. బిల్లు సున్న వస్తున్నది. దానికి 45 చేరితే 205. రెండు వందలు దాటినందున ఆ నెల మొత్తం బిల్లు కట్టవలెను. అయిదు యూనిట్లు హెచ్చినందుకు, స్థిర ఛార్జీతో కలిపి వెయ్యి దాటిన బిల్లు. ఎండాకాలంలో రాయచూరులో నలభై డిగ్రీలు దాటుతుంది, కూలరు పెట్టక తప్పదు. ఆ మూడు నెలలు ఈ హద్దు దాటడం మరీ తేలిక. కనుక బండి కొనేముందు వెనుకటి పన్నెండు నెలల జెస్కాం బిల్లులు ముందు వేసుకొని చూడవలెను. ఇదేమీ కష్టమైన లెక్క కాదు, పడుగుకు నూలు లెక్క వేసే మన ఆడవారు నిమిషంలో వేస్తారు.

ఆడవారి మాట వచ్చినది గనుక: 2023 జూన్ 11 నుండి కర్ణాటకంలో సర్కారు మామూలు బస్సులలో స్త్రీలకు ప్రయాణం ఉచితం. వారానికి ఒకసారి చిన్న మూటతో రాయచూరు పోయి వచ్చే పనికి బండి కొనడం అనవసరం. అయితే ఈ సదుపాయం రాష్ట్రపు ఎల్లవరకే.

నూలు ఉన్న ఇంట్లో బ్యాటరీ

2022 ఏప్రిల్‌లో నిజామాబాదులోను, విజయవాడలోను ఇంట్లో ఛార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయినవి. రెండు చోట్లా బ్యాటరీని బండి నుండి ఊడదీసి మనుషులు పండుకొనే చోట పెట్టారు. దేశమంతా గగ్గోలు పుట్టి, ప్రభుత్వంవారు నిపుణుల సంఘం వేసి, ఎ.ఐ.ఎస్. 156 అనే భద్రతా ప్రమాణాన్ని కఠినం చేశారు. దాని మొదటి భాగం 2022 డిసెంబరు 1 నుండి, రెండవ భాగం 2023 మార్చి 31 నుండి అమలయినది. 2023కు ముందు తయారైన బండిని చవుకగా వచ్చినదని సెకండు హాండులో కొనేవారు ఈ తేదీలు గుర్తుంచుకొనవలెను.

మన ఇళ్ళు వేరు. ఒకే గదిలో మగ్గం గుంట, పక్కన నూలు చిలపలు, మూల కండెల బుట్ట, పైన దండేనికి పడుగు. అగ్గిపుల్ల గీయడానికే భయపడే చోటు. బ్యాటరీని ఆ గదిలోకి తేనే వద్దు. ఇంటి ముందర నీడ పట్టున, గోడ అడ్డం ఉన్న చోట, ఎర్తు తీగ సరిగా ఉన్న ప్లగ్గు పెట్టించుకొనవలెను. మగ్గం గదిలోని దీపపు తీగ నుండి పొడిగింపు లాగి ఛార్జింగు పెట్టడం చాల ఇళ్ళలో చూస్తున్నాము. ఆ సన్నని తీగ వేడెక్కి కరుగుతుంది. రోడ్డు మీద ఎండలో వచ్చిన బండికి వెంటనే ఛార్జింగు పెట్టక, చల్లారనివ్వవలెను. రాత్రంతా పెట్టి పండుకొనరాదు. కంపెనీ ఇచ్చిన ఛార్జరు పోతే బజారు ఛార్జరు తేవద్దు.

రెండవ ఫేమ్‌లో బ్యాటరీతో సహా కనీసం మూడేళ్ళ వారంటీ ఉండవలెనని నిబంధన పెట్టారు. వారంటీ కాగితంలో బ్యాటరీ నంబరు రాయించుకొనవలెను. బ్యాటరీ చెడితే కొత్తదాని ధర ఎంతో కొనేనాడే అడిగి రాయించుకొనడం మంచిది. ఆ అంకె విన్న తరువాత చాలమంది మనసు మార్చుకొన్నారు. 2022 ఆగస్టు నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీని సేకరించి శుద్ధి చేయించే బాధ్యత తయారీదారులది. కనుక పాతదానిని కంపెనీకే అప్పగించి రసీదు తీసుకొనవలెను. విప్పి లోపలి ముక్కలు అమ్ముకొందామని చూడవద్దు.

పెట్రోలు బండే ఉంచుకొనేవారికి

పాత మోపెడ్ ఉన్నవారిని కూడ ఈ కొత్త ఇంధనాల విధానం విడిచిపెట్టలేదు. పెట్రోలులో చెరకు, ధాన్యాల నుండి తీసిన ఇథనాలు కలపడం 2022 జూన్ నాటికి నూటికి 10కి చేరినది. 20కి చేర్చే గడువును 2030 నుండి 2025కు ముందుకు జరిపారు. అనుకొన్నట్లే 2025లో చేరుకొన్నారు. 2023 ఏప్రిల్ తరువాత వచ్చిన బండ్లు దీనికి తగినట్లు చేసినవి. పాత బండ్లలో మైలేజి తగ్గుతుంది. నీతి ఆయోగ్ 2021 నివేదికలో రెండు చక్రాల పాత బండ్లకు నూటికి 3, 4 వరకు తగ్గవచ్చునని రాశారు. రబ్బరు గొట్టాలు, వాషర్లు కూడ త్వరగా పాడు కావచ్చును. మెకానిక్కుకు చెప్పి వాటిని మార్పించుకొంటే ఖర్చు కొద్దిదే. బండిని నెలల తరబడి నిలిపి ఉంచేవారు ట్యాంకులో పెట్రోలు ఉంచవద్దు. ఇథనాలు తేమను పీల్చుకొంటుంది.

గ్యాసుతో నడిచే మోటారు సైకిలు కూడ వచ్చినది. బజాజ్‌వారు 2024 జూలైలో సి.ఎన్.జి. బండి తెచ్చారు, ప్రపంచంలో ఇదే మొదటిదన్నారు. గ్యాసు పట్టించే బంకు మన దారిలో ఉన్నప్పుడే అది ఉపయోగం. పాత పెట్రోలు బండికి విద్యుత్ కిట్ బిగించుకొనడానికి కూడ నియమాలలో చోటు ఉన్నది. కాని కిట్ ఆమోదం పొందినదై ఉండవలెను, ఆర్.టి.ఒ. పుస్తకంలో మార్పు రాయించుకొనవలెను. ఊళ్ళో మెకానిక్కు బిగించిన కిట్‌కు రెండూ ఉండవు.

పెట్రోలు కరువై వేరే ఇంధనాన్ని సర్కారు ప్రోత్సహించడం మన ప్రాంతానికి మొదటిసారి కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలుకు రేషను పెట్టినప్పుడు, బస్సు వెనుక బొగ్గు గ్యాసు పొయ్యి తగిలించి నడిపారు. రాయచూరు అప్పుడు నిజాం రాజ్యంలోనిది. డ్రైవరు బొగ్గు రాజేసి చక్రం తిప్పుతుంటే, గట్టు వచ్చినచోట జనం దిగి తోసేవారని మా తాతలు చెప్పేవారు. యుద్ధం ముగిసి పెట్రోలు దొరకగానే పొయ్యిలు మూలపడినవి. ఇప్పటి బండికి బొగ్గు పొయ్యి కంటికి కనబడదు గాని, మన మీటరులోకి వచ్చే కరెంటులో చాల భాగం 1985 నుండి నడుస్తున్న శక్తినగర్ కేంద్రం వంటి చోట్ల బొగ్గు కాల్చి తీసినదే.

కల్మల సభ్యునికి మేము చెప్పినది ఇది: నెలకు వెయ్యి రూపాయల లోటు మూడేళ్ళు భరించగలిగితే నంబరు ఉన్న బండి కొనండి, లేనిచో మోపెడ్‌కు గొట్టాలు మార్పించి, చేతిలో బండి ధరలో సగమైనా జమ అయ్యేవరకు ఆగండి. ఆయన కరెంటు బిల్లులు వెతికి తెస్తానని పోయారు. ఈ విషయమై సందేహాలున్న సభ్యులు పన్నెండు నెలల కరెంటు బిల్లులు, దుకాణంవారు ఇచ్చిన ధర కాగితం, వారంటీ నమూనా తీసుకొని, పని దినాలలో సాయంత్రం నాలుగు గంటల తరువాత కార్యాలయానికి రావచ్చును. డబ్బు కట్టిన తరువాత కాక, కట్టకముందు రావలెనని మనవి.